వృద్ధాశ్రమములలో వైద్యము: ప్రేమకు తోడుగా ప్రమాణము



వృద్ధాశ్రమమనగానే మన మనస్సులలో మెదలు ప్రశ్నలు రెండే: అచ్చట పెద్దలను ఆదరముతో చూచుచున్నారా, వేళకింత అన్నము పెట్టుచున్నారా అనునవి. ఇవి మంచి ప్రశ్నలే. కాని వీనితోనే విచారణ ముగిసినదని తలంచుట వలన ఆశ్రమవాసులకు జరుగు అపకారము చిన్నది కాదు. ఎనుబది యేండ్లు దాటి, రెండు మూడు దీర్ఘరోగములతో, దినమునకు ఏడెనిమిది మాత్రలు మ్రింగుచు, నడక తూలి, జ్ఞాపకము సడలి, ఒకరి చేతి సాయము లేనిదే మంచము దిగజాలని మనిషికి ఆశ్రమము నివాసమాత్రము కాదు. అది పేరు పెట్టని వైద్యశాల. వైద్యశాలలో రోగికి చేయు చికిత్స మేలు చేయుననుటకు ప్రమాణమేమి యని అడుగు హక్కు మనకున్నట్లే, ఆశ్రమములో నిత్యము జరుగు సేవలను గూర్చియు అట్లే అడుగవలెనని, అడిగినవారికి కొన్ని చోట్ల ఆశ్చర్యకరములగు సమాధానములు దొరకినవని, ఆ సమాధానములు దొరకియు చాల ఆశ్రమములలో మంచము దాక చేరలేదని మీతో చెప్పుటకే నేడు వచ్చితిని.

ఈ ప్రశ్న అడుగుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1935లో లండను నగరమునకు పశ్చిమమున నున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, తన ప్రక్కనే యున్న పేదల శరణాలయపు రోగిశాలను తనలో కలుపుకొన్నది. అందలి 714 మంది దీర్ఘరోగుల భారము మార్జరీ వారెన్ అను వైద్యురాలి మీద పడినది. వారిలో పలువురు ఏండ్ల తరబడి పడకల మీదనే యుండిరి. వారికి వేళకు ఆహారమిచ్చుచుండిరి, దుప్పట్లు మార్చుచుండిరి. కాని వీరి రోగమేమి, అది కుదురునా, ఈ మనిషిని లేపి నిలబెట్టవచ్చునా యని పరీక్షించినవారు లేరు. వారెన్ ఒక్కొక్కరినే ఆమూలాగ్రముగా పరీక్షించి, రోగమును బట్టి వేరుచేసి, లేవగలవారిని లేపి, నడువగలవారికి మరల నడక నేర్పించినది. పలువురు కోలుకొనిరి, కొందరు తమ ఇండ్లకు మరలిరి, 714 పడకలు నిండియుండిన చోట తుదకు 240 పడకలు చాలినవి. 1943లోను 1946లోను ఆమె ఆంగ్ల వైద్యపత్రికలలో ప్రకటించిన వ్యాసములు వార్ధక్యవైద్యమను శాఖకు పునాదులైనవి. ముసలితనమునకు మందేమున్నదని లోకము పెదవి విరిచిన చోట, అది ముసలితనము కాదు, చూడకుండ వదలిన రోగమని ఆమె చూపినది.

అది పరీక్షించి చూచుటలోని మహిమ. తరువాతి మెట్టు, ఒక చికిత్స చేసినవారిని, చేయనివారిని ప్రక్కప్రక్కన నిలిపి ఫలితములు పోల్చుట. చీటీలు వేసినట్లు, ఎవరి ఇష్టానిష్టముల ప్రమేయము లేకుండ, కొన్ని ఆశ్రమములను ఒక ప్రక్కకును కొన్నిటిని మరియొక ప్రక్కకును విభజించి, ఒక ప్రక్కన నూతన పద్ధతిని అవలంబించి, రెండవ ప్రక్కన పూర్వపద్ధతినే సాగనిచ్చి, మాసములు గడచిన పిమ్మట లెక్క చూచెదరు. వృద్ధుల విషయములో ఇట్టి పరీక్షలు చాలకాలము అరుదుగానే జరిగినవి. క్రొత్త మందులను పరీక్షించువారు ఆరోగ్యవంతులగు మధ్యవయస్కులను ఎన్నుకొని, ఎనుబదేండ్ల బహురోగిని గడప వెలుపలనే నిలుపుచుండిరి; పిమ్మట ఆ మందునే ఆ వృద్ధునకు ఇచ్చుచుండిరి. ఆశ్రమములలోనే జరిగిన పరిశోధనలకు అందువలననే అంత విలువ. వానిలో నన్ను మిక్కిలి కదిలించినవి రెండు గలవు. వానిని కొంత విస్తరించి చెప్పుట అవసరమని తోచుచున్నది.

మొదటిది నొప్పికి సంబంధించినది. మతిమరుపు రోగము, నేడు అందరును డిమెన్షియా యనుచున్నది, ముదిరిన వృద్ధురాలు తనకు మోకాలు నొప్పిగా నున్నదని చెప్పజాలదు. మాట పోయినది గాని నొప్పి పోలేదు. ఆ నొప్పి మూలుగుగా, కేకగా, స్నానము చేయింపవచ్చిన ఆయాను నెట్టివేయుటగా, రాత్రియంతయు వసారాలో తిరుగాడుటగా బయటపడును. చూచువారు దానిని చాదస్తమందురు, మొండితనమందురు, వయసు మీద పడినదందురు. వైద్యుడు వచ్చినప్పుడు నెమ్మదిగా పడియుండుటకు ఏదైన మందు వ్రాయుడని కోరుదురు. నార్వే దేశములో బెర్గెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బెట్టినా హూసెబో యను వైద్యురాలును ఆమె సహచరులును దీనిని వేరొక దృష్టితో చూచిరి. అలజడికి మూలము తెలుపరాని నొప్పియే యైనచో, నొప్పిని మాన్పిన అలజడియు తగ్గవలెను గదా! పశ్చిమ నార్వేలోని 18 ఆశ్రమములలో, డిమెన్షియా ముదిరి తీవ్రమగు అలజడితో బాధపడు 352 మందిని వారు తీసికొనిరి. కొన్ని విభాగములలో వైద్యము మునుపటివలెనే సాగినది. తక్కిన విభాగములలో ఎనిమిది వారములపాటు నొప్పికి క్రమపద్ధతిలో, మెట్టు మెట్టుగా మందిచ్చిరి. అందు అత్యధికులకిచ్చినది మన ఇండ్లలో జ్వరము వచ్చినప్పుడు వేసికొను పారాసిటమాల్ బిళ్ళయే, అది చాలనివారికి మాత్రమే అంతకంటె బలమైన మందులు. ఫలితమును 2011లో ప్రకటించిరి: చికిత్స పొందినవారిలో అలజడి సగటున 17 శాతము తగ్గినది. మందు ఆపిన తరువాత అది మరల తలయెత్తినది. ఆ రెండవ వాక్యమును మొదటిదానికంటె ఎక్కువ శ్రద్ధతో వినుడు. ఏలయనగా, తగ్గుదల కాకతాళీయము కాదనుటకు అది మంచి సాక్ష్యము.

దీనికి ప్రతిపక్షమున నున్నదేమి? మానసికరోగులకై కనిపెట్టిన యాంటీసైకోటిక్ మందులను డిమెన్షియా గల వృద్ధులను అణచియుంచుటకు వాడుట. 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 17 పరీక్షల ఫలితములను పోల్చిచూచి, ఈ మందులు పుచ్చుకొన్న డిమెన్షియా రోగులలో మరణములు, ఉత్తుత్తి మాత్రలు పుచ్చుకొన్నవారికంటె సుమారు 1.6 నుండి 1.7 రెట్లు ఎక్కువగా నున్నవని హెచ్చరించినది. పది వారములపాటు సాగు సామాన్యమగు పరీక్షలో, ఉత్తుత్తి మాత్రలవారిలో నూటికి 2.6 మరణములైనచో మందు పుచ్చుకొన్నవారిలో 4.5. ఒక ప్రక్కన నొప్పికి చౌకబిళ్ళ, ఒక ప్రక్కన ఆయుష్షును తరుగు మందు. ఈ రెంటిలో నేది ఇచ్చుటయో నిర్ణయించునది వైద్యుడే యైనను, ఆ నిర్ణయమునకు దారి చూపునది, ఆమె ముఖము చిట్లించుకొన్నది, ఎడమకాలు కదిపినప్పుడే అరచినది అని గమనించి చెప్పిన ఆయా. అట్టి గమనికకు ఉపకరించు కొలమానములు గలవు. ఆస్ట్రేలియాకు చెందిన జెన్నీ అబ్బీ 2004లో సహచరులతో ప్రకటించిన కొలమానము రోగి చేయు ధ్వనులు, ముఖకవళిక, దేహపు కదలిక, ప్రవర్తన, నాడి, చెమట మొదలగు మార్పులు, దేహముపై గాయములు అను ఆరింటిని చూచి, నొప్పి ఎంతయో అంకెలో తెలుపును. ఒక నిమిషములో ముగియు పని యది. ఏ యంత్రమును అక్కరలేదు.

రెండవ పరిశోధన పాలు పెరుగులను గూర్చినది; మన పెద్దలకు ప్రీతిపాత్రమగు విషయము. వృద్ధులకు తుంటి ఎముక విరుగుట యెంతటి విపత్తో కుటుంబములకు తెలియును: మంచము పట్టించి, ఊపిరితిత్తులలో నెమ్ము చేర్చి, పలువురిని ఆ సంవత్సరములోనే తీసికొనిపోవును. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రములో 60 ఆశ్రమములను శాండ్రా యూలియానో అను పరిశోధకురాలి బృందము పరిశీలించినది. అందలివారు 7,195 మంది. సగటు వయస్సు 86. వారికి డి విటమిను కొఱత లేదు. కాని భోజనములో దినమునకు సుమారు 600 మిల్లీగ్రాముల కాల్షియమే దొరకుచుండెను, మాంసకృత్తులును చాలినంత లేవు. ముప్పది ఆశ్రమముల వంటయింటిలో పాలు, పెరుగు, చీజు పెంచిరి. తక్కిన ముప్పదింటిలో భోజనము మునుపటివలెనే యుండెను. క్రొత్త మందు లేదు, సూది లేదు. మొదటి ముప్పదింటిలో కాల్షియము దినమునకు 1,142 మిల్లీగ్రాములకు పెరిగినది, మాంసకృత్తులు దేహపు బరువులో కిలో ఒక్కింటికి 1.1 గ్రాములైనవి. రెండేండ్ల తరువాత లెక్క చూడగా, అచ్చట ఎముకలు విరుగుట 33 శాతము, తుంటి ఎముక విరుగుట 46 శాతము, పడిపోవుట 11 శాతము తక్కువగా నున్నవి. మరణముల సంఖ్యలో మాత్రము భేదము కనిపింపలేదు. ఆ మాటయు వారు దాచలేదు. ఈ పరిశోధనకు ధనసాయము చేసినవారిలో పాడిపరిశ్రమ సంస్థలు కలవనియు చెప్పుట న్యాయము. ప్రమాణమును కోరువారు ప్రమాణము ఎవరి సొమ్ముతో సిద్ధమైనదో కూడ అడుగవలెను. అయినను 60 ఆశ్రమములలో రెండేండ్లు సాగిన ఇంతటి పరీక్ష వృద్ధుల ఆహార విషయమున అరుదు. గరిటె పట్టిన వంటమనిషియు వైద్యబృందములోని వ్యక్తియే యని దీనివలన తెలిసికొనవచ్చును.

ప్రమాణము ఎల్లప్పుడును మరియొకటి చేర్చుమని చెప్పదు. పలుమార్లు మానుమని చెప్పును. మంచము పట్టినవారికి పడక పుండ్లు రాకుండుటకు రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెననుట నర్సింగు విద్యలో చిరకాలపు నియమము. అమెరికా, కెనడా దేశములలోని 27 ఆశ్రమములలో 942 మందిపై జరిగి 2013లో ప్రకటితమైన పరిశోధనలో, మేలురకపు ఫోమ్ పరుపుల మీద శయనించువారిని రెండు, మూడు, నాలుగు గంటలకొకసారి తిప్పి మూడు వారములు చూడగా పుండ్ల విషయమున చెప్పుకోదగిన భేదము లేకపోయినది. పరుపు మంచిదైనచో నిద్రలో నున్న పెద్దప్రాణమును రాత్రి మాటిమాటికి కదపనక్కరలేదన్నమాట. పలుచని పరుపుల మీద మాత్రము ఈ వెసులుబాటును ఎవరును తీసికొనరాదు. మూత్రపరీక్ష సంగతియు ఇట్టిదే. ఆశ్రమములలోని వృద్ధస్త్రీలలో నూటికి పాతిక నుండి ఏబదిమంది దాక మూత్రములో సూక్ష్మజీవులుండును. మంటయు జ్వరమును లేనప్పుడు వానికి యాంటీబయాటిక్ మందు పనికిరాదు, పైపెచ్చు విరేచనములు పట్టించి, ముందు ముందు మందులకు లొంగని క్రిములను పెంచును. చక్కెరవ్యాధి విషయమునను, నడివయస్సువారికి విధించు కఠినమగు అదుపును అతివృద్ధులకు విధించుట వలన చక్కెర హఠాత్తుగా పడిపోయి, కళ్ళు తిరిగి క్రిందపడుట మొదలగు అపాయములు హెచ్చునని గ్రహించి, నేటి వైద్యనిబంధనలు వారికి సడలింపు నిచ్చుచున్నవి.

ఇచ్చట ఒక అపార్థమును తొలగింపవలసియున్నది. ప్రమాణబద్ధమగు వైద్యమనగా పుస్తకములో వ్రాసినది మనిషి నెత్తిన రుద్దుట యని కొందరు భయపడుదురు. ఈ పద్ధతికి ఆచార్యులలో ఒకరైన డేవిడ్ సాకెట్ 1996లోనే దీనిని నిర్వచించుచు, పరిశోధనల సాక్ష్యముతో పాటు వైద్యుని అనుభవమును, రోగి యొక్క ఇష్టమును కూడ అందు చేర్చెను. తొంబదియేండ్ల తాతగారు రాత్రి గంజి వద్దు, పెరుగన్నమే కావలెనన్నచో, ఆ కోరికయు వైద్యుడు లెక్కలోనికి తీసికొనవలసిన విషయమే. నేను దీనిని మర్యాద కొఱకు చెప్పుట లేదు. మిగిలియున్న సంవత్సరములు కొద్దియైనప్పుడు, ఆ కొద్దికాలమును ఎట్లు గడపవలెనో చెప్పు అధికారము ఆయనదే.

ఇంత తెలిసియు ఆచరణలోనికి ఏల రాదు? ఆస్ట్రేలియా అనుభవము దీనికి స్పష్టమగు సమాధానమిచ్చును. వృద్ధాశ్రమములలోని లోపములను విచారించుటకు 2018 అక్టోబరులో అచ్చట రాయల్ కమిషన్‌ను నియమించిరి. 2019 అక్టోబరు 31న వెలువడిన మధ్యంతర నివేదికకు వారు పెట్టిన పేరు నిర్లక్ష్యము. సంపన్నదేశము, చదువుకొన్న సిబ్బంది, చట్టములు, తనిఖీలు, అన్నియు గలవు. అయినను మత్తుమందులతో వృద్ధులను అణచివేయుట అచ్చట సర్వసాధారణమై యున్నదని ఆ నివేదిక తప్పుపట్టినది. 2021 మార్చి 1న వెలువడిన తుది నివేదిక 148 సిఫారసులు చేసినది. వాని వెనుకనున్న సత్యములలో నాకు ముఖ్యముగా తోచినది, ప్రమాణము ఆచరణలోనికి వచ్చుటకు మనుష్యుల చేతులు కావలెను, ఆ చేతులకు తీరిక కావలెను అనునది. పది మందికి స్నానము చేయించి, పది మందికి అన్నము తినిపించి, పరుగెత్తుచున్న ఆయా ఒకరి ముఖములోని చిట్లింపును ఎప్పుడు గమనించును? అందువలననే 2023 జులై 1 నుండి ప్రతి ఆశ్రమములోను రేయింబవళ్ళు రిజిస్టర్డ్ నర్సు ఒకరు ఉండవలెనని అచ్చట విధించిరి. 2024 అక్టోబరు నుండి, ఆశ్రమములన్నిటి సగటున, ఒక్కొక్క నివాసికి దినమునకు 215 నిమిషముల సేవ, అందు 44 నిమిషములు రిజిస్టర్డ్ నర్సు చేతి సేవ లభింపవలెనని నిర్ణయించిరి.

సిబ్బందికి నేర్పి, వారి లెక్కలను వారికే చూపిన ఏమగునో కూడ ఆ దేశములోనే చూచిరి. టాస్మేనియా విశ్వవిద్యాలయము వారు రెడ్యూస్ అను పేరుతో 150 ఆశ్రమములలో జరిపిన కార్యక్రమమున, ఏ ఆశ్రమములో ఎందరికి మత్తుమందులిచ్చుచున్నారో ఫార్మసీ లెక్కల నుండి తీసి ఆ ఆశ్రమము వారి ముందుంచిరి. నర్సులకు, ఆయాలకు శిక్షణ నిచ్చిరి. నర్సు, ఫార్మసిస్టు, వైద్యుడు కలసి ఒక్కొక్క వృద్ధుని మందులచీటీని పునఃపరిశీలించిరి. ఆరు మాసములలో క్రమముగా యాంటీసైకోటిక్ మందులు పుచ్చుకొనువారు 21.6 శాతము నుండి 18.9 శాతమునకు, బెంజోడయజిపీన్ జాతి మత్తుమాత్రలు పుచ్చుకొనువారు 22.2 నుండి 17.6 శాతమునకు తగ్గిరి. మొదట ఈ మందులు వాడుచున్నవారిలో 39 శాతము మందికి మందు ఆపుటయో, మోతాదు తగ్గించుటయో జరిగినది. ఇది అద్భుతము కాదు, నిదానమగు మార్పు. కాని నిందలు మోపకుండ, ఎవరినీ పనినుండి తొలగింపకుండ, అద్దము చూపి నేర్పుట వలన వచ్చిన మార్పు గనుక నాకది మిక్కిలి నచ్చినది.

లెక్కలలో ఒక ప్రమాదమును లేకపోలేదు. 2019 జులై నుండి ఆ దేశములో పడక పుండ్లు, కట్టివేయుట, అకారణముగా బరువు తగ్గుట అను మూడింటిని ప్రతి ఆశ్రమమును లెక్కవ్రాసి ప్రభుత్వమునకు పంపవలసివచ్చినది. పిమ్మట పడిపోవుట, మందుల వాడుక మొదలగునవి చేరినవి. లెక్క కొఱకే లెక్క వ్రాయుట అలవాటైనచో, నర్సు మంచము ప్రక్కనుండవలసిన సమయము కాగితము ప్రక్కన గడచిపోవును. వ్రాసిన అంకెను మరునాడు ఉదయము ఎవరు చూతురు, చూచి ఏమి మార్తురు అని నిర్ణయింపకుండ మొదలుపెట్టిన పుస్తకము, నా అభిప్రాయములో, మొదలుపెట్టకుండుటయే మేలు.

ఈ పరదేశపు కథ మనకేల యని ఎవరైన అడుగవచ్చును. ఆ ఆశ్రమములలో పరిచర్య చేయుచున్నవారిలో మన తెలుగు బిడ్డలును ఉన్నారు. చదువుకొనుటకు పోయి, అచ్చటి వృద్ధులకు తలదువ్వి, అన్నము తినిపించి, రాత్రి మేలుకొని యుందురు. ఇచ్చట మన ఊళ్ళలో వారి తల్లిదండ్రులు కొందరు ఆశ్రమములలో చేరుచున్నారు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశములో అరువది యేండ్లు దాటినవారు పది కోట్లకు పైగా నుండిరి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. దాని 19వ విభాగము జిల్లాకు కనీసము ఒక్క ఆశ్రమమైన, నిరుపేదలగు 150 మందికి చోటుండునట్లు, క్రమముగా స్థాపింపవచ్చునని చెప్పుచున్నది. 20వ విభాగము వృద్ధులకు ప్రభుత్వ ఆసుపత్రులలో పడకలు, ప్రత్యేకపు వరుసలు మాత్రమే గాక, వార్ధక్యమును గూర్చిన పరిశోధనను విస్తరింపవలెనని కూడ పలుకుచున్నది. ఈ చివరిమాట మీద మన వైద్యకళాశాలలు దృష్టి నిలుపవలెనని నా ప్రార్థన. విక్టోరియాలో చీజు పెట్టి చూచినట్లు, మన ఆశ్రమములలో పప్పు, గుడ్డు, మజ్జిగకు బదులు గట్టిపెరుగు పెట్టి చూచినవారెవరు? ఆస్ట్రేలియా వృద్ధుల మూలుగును కొలిచిన కొలమానము మన అవ్వల మూలుగుకు సరిపోవునో లేదో మన నర్సులే పరీక్షింపదగును. ఆ పరీక్షకు ఖర్చును స్వల్పమే.

అంతదాక వేచియుండనక్కరలేని పనులు గలవు. తల్లినో తండ్రినో ఆశ్రమములో చేర్పబోవు శ్రోతలు, గదికి గాలి వచ్చునా, గుడి దగ్గరనున్నదా యని చూచుటతో ఆగక, మందులచీటీని మూడు మాసములకొకసారి తిరిగి చూచు వైద్యుడెవరో, రాత్రివేళ నర్సు ఉండునో లేదో, కడపట ఎవరు పడిపోయిరి, పడిన పిమ్మట ఏమి మార్చిరి యని అడుగుడు. అన్నిటికంటె ముందు బరువు పుస్తకము చూపుమని అడుగుడు. ఒక తూకపు యంత్రము, ఒక నోటుపుస్తకము ఉన్న చాలు, ఏ చిన్న ఆశ్రమమైనను నెలకొకసారి అందరి బరువును వ్రాయగలదు. నెలలో బరువు నూటికి ఐదు వంతులు తగ్గుట వైద్యులు తీవ్రముగా పరిగణించు గుర్తు. అనగా ఏబది కిలోల తల్లి వచ్చే నెలకు నలుబది యేడున్నర కిలోలైనచో, పళ్ళసెట్టు వదులైనదో, మ్రింగుట కష్టమైనదో, మనోవ్యథయో, లోపల రోగమో, తినిపించు చేయి చాలకనో తెలిసికొనుటకు ఆ వారములోనే వైద్యుని పిలువవలెను.